కాగితం ఊడిన డబ్బా

తుఫాను తగ్గాక జాలరిపేటలో పంచిన రేకుడబ్బా మీద కాగితం వానకి ఊడిపోయింది. లోపల ఏముందో ఎవరికీ తెలియదు.

"పాలే అయ్యుంటాయి. కడుపుతో ఉన్నదానివి, నువ్వే తాగాల," అంది మహాలక్ష్మమ్మ కోడలు నూకాలుతో.

కత్తిపీటకి డబ్బా లొంగలేదు. అత్త మేకు ఆనించి, రాయితో చుట్టూ చిల్లులు కొట్టడం మొదలుపెట్టింది.

"నీ మొగుడుంటే ఒక్క దెబ్బకి తీసీసేవోడు. తెప్ప కొట్టుకుపోయి ఏ ఒరిస్సా ఒడ్డునో దిగుంటాడు. ఆడు రాగానే సెప్పాల, ఈ డబ్బా నన్నెంత ఏడిపించిందో!"

పన్నెండు రోజులుగా ఆవిడది అదే మాట. నూకాలు ఆ మాట పట్టుకునే రోజుకింత గంజి తాగుతోంది.

మూత ఒక్కసారిగా పైకి లేచి మహాలక్ష్మమ్మ వేలు కోసేసింది. నూనె చిమ్మి ఇద్దరి చీరల మీదా పడింది. లోపల పాలు లేవు. తలల్లేని చిన్న చేపలు, ఒకదాని పక్కన ఒకటి సర్ది ఉన్నాయి.

ఇన్ని రోజుల్లో నూకాలుకి మొదటిసారి నవ్వొచ్చింది.

"సేపలు పట్టీవోళ్లకి సేపలే పంచినారేటత్తా!" అంటూ ఒకటి తీసి నోటి దాకా తెచ్చింది.

అత్త రక్తం కారుతున్న చేత్తోనే ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దే నూకాలూ. ఇంక మనింట్లో సేప తినొద్దు."

"ఏటత్తా? ఎందుకూ?"

మహాలక్ష్మమ్మ మూత మళ్లీ మెల్లగా కిందికి వంచింది.

"నా కొడుకుని ఏ సేప తిన్నాదో మనకేటి తెలుసు."