గాడిదల కరచాలనం

"ఈసారి గనక నోరు జారావో, నా పెళ్లికి నీకు పిలుపు కూడా ఉండదు నాన్నా. ముందే చెప్తున్నా!"

బ్రెమెన్ పెద్ద చౌక్‌లో, టౌన్ హాల్ పక్కనున్న బెంచీ మీద కూర్చున్న డెట్మర్ కూతురి మాటకి మూతి విరిచాడు. ఫ్రౌకె ఇదివరకు తెచ్చి చూపించిన ఇద్దరిలో ఒకణ్ణి ఆయన ఉడకబెట్టిన బంగాళాదుంప అన్నాడు. రెండోవాణ్ణి టై కట్టిన కొంగ అన్నాడు. ఆ ఇద్దరూ మళ్లీ ఈ ఊరి మొహం చూడలేదు.

"నేనేమన్నా అబద్ధం చెప్పానా? వాడు అచ్చం కొంగలాగే ఉన్నాడు."

"టార్బెన్ పదకొండింటికి వస్తాడు. అతని గురించి నీకో విషయం ముందే చెప్పాలి..."

"ఏమీ చెప్పొద్దు. నలభై ఏళ్లు ట్రామ్ నడిపినవాణ్ణి. ఎక్కేవాడి మొహం చూసి టికెట్టు కొన్నాడో లేదో చెప్పేవాణ్ణి. నీవాడు ఎలాంటివాడో నాకు నువ్వు చెప్పాలా?"

ఫ్రౌకె తల పట్టుకుని, చేప ముక్క పెట్టిన బన్నులు తేవడానికి అవతలి బండి దగ్గరికి వెళ్లింది.

డెట్మర్ కాళ్లు బారచాపి, ఎదురుగా ఉన్న కంచు గాడిద విగ్రహం వైపు చూశాడు. దాని ముందుకాళ్లు రెండూ రెండు చేతులతో పట్టుకుంటే కోరుకున్నది జరుగుతుందని పేరు. జనం చేతుల రాపిడికి ఆ కాళ్లు బంగారంలా మెరుస్తున్నాయి. ఊళ్లు పట్టుకు తిరిగేవాళ్లకి కోరికలకేం తక్కువ? కాళ్లు పట్టుకోవడమే చేతకాదు. ఒక చేత్తో ఒక కాలు ముట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ ఎత్తి పళ్లికిలిస్తారు. ఆ చోద్యం చూసి వెక్కిరించడానికే ఆయన రోజూ వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటాడు.

పసుపుపచ్చ వానకోటు వేసుకున్న ఓ పొడుగాటి మనిషి గాడిద దగ్గరికొచ్చాడు. కుడిచేత్తో ఒక కాలు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎడమ చెయ్యి జేబులోంచి తియ్యనైనా తియ్యలేదు.

ఎంత బద్ధకం! డెట్మర్‌కి ఒళ్లు మండిపోయింది.

"చూడండి, చూడండి!" చుట్టూ ఉన్నవాళ్లకి వినబడేలా అరిచాడు. "ఒంటిచేత్తో పట్టుకుంటే మా ఊళ్లో ఏమంటారో తెలుసా? గాడిదల కరచాలనం అంటారు! ఒక గాడిద ఇంకో గాడిదకి చెయ్యిస్తోందన్నమాట!"

జనం గొల్లుమన్నారు. దాంతో ఆయనకి ఇంకా హుషారు పుట్టింది.

"రెండో చెయ్యి ఏమైందయ్యా? ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

ఆ మనిషి కళ్లు తెరిచాడు. తాపీగా నడిచొచ్చి డెట్మర్ ఎదుట నిలబడ్డాడు.

"ఇంట్లో కాదండీ. ఫ్లెన్స్‌బుర్గ్‌లో, పడవలు తయారుచేసేచోట. మర్చిపోలేదు, మిషన్ లాగేసుకుంది."

అప్పుడే గాలి విసురుగా కొట్టింది. కోటు ఎడమ చెయ్యి జేబులోంచి ఊడొచ్చి, లోపల ఏమీ లేక రెపరెపలాడింది. నవ్వులు టక్కున ఆగిపోయాయి. నవ్విన వాళ్లంతా ఇప్పుడు డెట్మర్ వంక అసహ్యంగా చూస్తున్నారు.

"అరె, అప్పుడే పరిచయాలు అయిపోయాయా?" బన్నుల పొట్లాంతో వచ్చింది ఫ్రౌకె. "నాన్నా, ఇతనే టార్బెన్."

పెళ్లి పిలుపు గాలిలో కొట్టుకుపోతున్నట్టు అనిపించింది డెట్మర్‌కి. గబుక్కున లేచి నిలబడ్డాడు.

"అయ్యాయి ఫ్రౌకె, బ్రహ్మాండంగా అయ్యాయి," అంటూ టార్బెన్ తన కుడిచెయ్యి చాచాడు. "ఏదీ మామగారూ, చెయ్యివ్వండి. ఒక గాడిదకి ఇచ్చొచ్చాను, రెండోదాన్ని చిన్నబుచ్చడమెందుకు!"