ఎనిమిదో దీపం

రేవు ఒడ్డున, పడవలవాళ్ళని కాచే మాజు అమ్మవారి గుడి గోడమీద, ఆరో వరసలోని ఎనిమిది దీపాలూ ఒక్కసారే ఆరిపోయాయి.

అందులో ఏడోది లీ-హ్వా భర్తది. దీపం కింద చిన్న చీటీ మీద పేరుంది: తియెన్-షెంగ్.

పేరు రాసి పెట్టిన దీపం ఏడాది పొడుగునా ఆ మనిషికి కావలి. అది వెలుగుతున్నంత కాలం మనిషికి ఢోకా లేదని అందరి నమ్మకం.

తియెన్-షెంగ్ పొద్దున ఎనిమిదింటి నుంచి కావ్‌షియుంగ్ నగరంలోని పెద్దాసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీద ఉన్నాడు. గుండె జబ్బు. కూతురు అక్కడ తలుపు ముందు కూర్చుంది. దీపం కళ్ళముందుంటే ధైర్యమని లీ-హ్వా ఇక్కడికొచ్చి కూర్చుంది.

ఇప్పుడు ఆ కాస్త ధైర్యమూ పోయింది. ఆ చీటీ వైపే చూస్తూ ఉండిపోయింది.

కరెంటు పని చేసే పో-వెన్ నిచ్చెన భుజాన వేసుకుని, వక్క నములుతూ వచ్చాడు.

"ఏంటి పిన్నీ, అలా కొయ్యబారిపోయావు? పోయింది ఒక్క బల్బే. దాని మూలంగా మిగతా ఏడూ ఆరాయి."

"ఒక్కటేనా?"

"చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డట్టు ఒకదాని వెనక ఒకటి కలిపాను. ఒకటి చెయ్యి వదిలిందా, అన్నీ గుడ్డివే. వైరు మిగులుతుందని మన గుడి కమిటీ పెద్దలే అలా వెయ్యమన్నారు."

ఎవరిదో ఒక్కరిది. ఆ మాటతో ఆమె భయం రెండింతలైంది.

పో-వెన్ జేబులోంచి చిన్న వైరు ముక్క తీశాడు.

"దీంతో ఒక్కో బల్బునీ దాటిస్తా. ఏది దాటిస్తే మిగతావి వెలుగుతాయో, అదే దొంగ."

"షాక్ కొడుతుందిరా!"

"ఇరవై నాలుగు వోల్టులే. చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

మొదటి బల్బు రెండు కాళ్ళకీ వైరు ఆనించాడు. వరస వెలగలేదు.

"ఇది మంచిదే."

రెండు. మూడు.

"నాలుగు, మన చేపల చాంగ్ గారు. ఈయనకేం కాదులే, ఇంకా మూడో పెళ్ళి చేసుకోవాలి."

"నోర్ముయ్యి. గుళ్ళో ఉన్నావు."

"ఇది బల్బు పిన్నీ, ప్రాణం కాదు."

నాలుగూ మంచిదే. ఐదు, ఆరు కూడా.

రెండే మిగిలాయి.

లీ-హ్వా కళ్ళు మూసుకుంది. మా ఆయనది కాకూడదు తల్లీ. ఆ చివరిదే అవ్వాలి. అది ఎవరిదైనా సరే.

కళ్ళు తెరిచేసరికి పో-వెన్ చేతిలోని వైరు గాల్లోనే ఆగి ఉంది. నమలడం కూడా మానేశాడు.

అతను ఎనిమిదో చీటీ వైపు చూస్తున్నాడు. ఆమె కూడా చదివింది.

లిన్ యా-చిన్.

పో-వెన్ భార్య. రెండుసార్లు కడుపు పోయాక మూడోది నిలిచింది. ఇప్పుడు తొమ్మిదో నెల.

"మా అమ్మ పెట్టించినట్టుంది," అన్నాడు. "నాకు చెప్పనే లేదు."

వైరు ఉన్న చెయ్యి కిందికి దించేశాడు.

"చూడవా?" అంది లీ-హ్వా.

"కొత్తవి రెండున్నాయి పిన్నీ. రెండూ మార్చేద్దాం."

"మరి ఏది పోయిందో..."

"వద్దు."

మొదటి కొత్త బల్బు జారి కింద పడితే లీ-హ్వా వంగి తీసిచ్చింది.

వరస వెలిగింది. ఎనిమిది పేర్లూ కనిపించాయి.

ఊడదీసిన రెండు బల్బుల్నీ పో-వెన్ గుప్పిట్లో కలిపేసి, ఏది ఎవరిదో తెలియకుండా జేబులో వేసుకున్నాడు. నిచ్చెన తీసుకుని, వెళ్ళిపోయాడు.

లీ-హ్వా అమ్మవారి ముందు మోకరిల్లింది.

"ఇందాక నేనడిగింది పట్టించుకోకు తల్లీ," అంది. మళ్ళీ అంది. మూడోసారీ అంది.

అడిగింది ఏదైనా ఇస్తుందని ఆ రేవులో ఆ తల్లికి పేరు.