పక్కకి జరిగిన పక్షి

"ఇది టంకశాలలో జరిగిన తప్పు కాదు బాబూ, ఎవరి ఇంట్లోనో జరిగింది," అంది చిల్లరక్క.

నాణెం తెచ్చినాయన మొహం చిన్నబోయింది.

"సగం ఖాళీగా ఉంది కదండీ? ముద్ర పక్కకి జరిగింది."

"జరగలేదు, చెరిపారు. టంకశాలలో నాణెం బిళ్ళ కుదురుగా కూర్చోకముందే పైనుంచి అచ్చు పడితే ముద్ర పక్కకి పోతుంది. మిగతా చోట అసలు ముద్ర పడనే పడదు, నున్నగా ఉంటుంది. భూతద్దంలో చూడండి. మీ దాంట్లో ఖాళీ అనుకుంటున్న చోట అక్షరాల జాడ ఇంకా ఉంది. ఎవరో మంచి నాణేన్ని పట్టుకుని అరగదీశారు."

ఆయన నాణేన్ని జేబులో వేసుకుని తల వంచుకుని వెళ్ళిపోయాడు.

మూల బల్ల మీద కూర్చున్న ముసలాయన కిసుక్కున నవ్వాడు.

చిల్లరక్కకి ఆ నవ్వు నచ్చలేదు. ఏదైనా కొనేవాళ్ళు నవ్వితే అదో అందం.

ఆమెది పాత నాణేల కొట్టు. వీధిలో అంతా చిల్లరక్క అంటారు, ఆమె కూడా ఆ పేరుకే పలుకుతుంది. ముసలాయన పేరు ఆమెకి తెలీదు. ఎండైనా వానైనా చేతిలో గొడుగుంటుంది కాబట్టి గొడుగాయన. ఈమధ్యే రావడం మొదలుపెట్టాడు. ఏమీ కొనడు, ఏమీ అమ్మడు. మధ్యాహ్నపు ఎండ అద్దాల్లోంచి దిగి నాణేల మీద మెల్లగా పాకుతుంటే, ఆ వెచ్చదనంలో కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. ఆయన ఉన్నంతసేపూ గోడ గడియారం కూడా కునుకు తీస్తున్నట్టుంటుంది.

వెళ్ళేముందు మాత్రం ఒకటే అడుగుతాడు.

"ఆ పక్షి నాణెం ఒకసారి నా చేతికిస్తావా తల్లీ?"

"అది అమ్మకానికి కాదు పెద్దాయనా."

"కొనడానికి కాదులే."

అది గాజుపెట్టెలో, నీలం గుడ్డ మీద ఉంటుంది. నడిమధ్య ఉండాల్సిన పక్షి ఒక అంచుకి జరిగిపోయింది. ముక్కూ, ఒక రెక్క కొసా అంచు దాటి ఎటో పోయాయి. పక్షి వెనకంతా బోసిగా, నున్నగా, మబ్బులేని ఆకాశంలా ఉంటుంది.

చిన్నప్పుడు పెన్సిలు కొంటే చిల్లరలో వచ్చింది. బస్సులో చెల్లలేదు. పాలకొట్లో చెల్లలేదు. "ఈ వంకరదాన్ని నీకెవరు అంటగట్టారే?" అని వాళ్ళమ్మ నవ్వింది. ఎక్కడా చెల్లలేదు కాబట్టి ఆమె దగ్గరే ఉండిపోయింది. జ్వరం వచ్చినప్పుడు గుప్పిట్లో పెట్టుకుని పడుకుంటే, లోపల పక్షి రెక్కలు కదిపినట్టుండేది. ఆ పిచ్చే ముదిరి ముదిరి ఈ కొట్టయింది. ఈ కొట్టే ఆమెకి అన్నం పెట్టింది.

"ఈ పొరపాటు చేసిన మనిషి ఒక్కసారి కనబడితే బావుణ్ణు," అని వచ్చినవాళ్ళందరితోనూ అంటుంది. ఆ రోజు గొడుగాయనతోనూ అంది.

"కనబడితే తిట్టవూ?" అన్నాడాయన.

"ఎందుకు తిడతాను? దణ్ణం పెట్టుకుంటాను. ఆయన చెయ్యి జారకపోతే నేనెక్కడ, ఈ కొట్టెక్కడ?"

గొడుగాయన చెయ్యి చాపాడు.

"ఒకసారి ఇవ్వమ్మా. ఇదేనో కాదో వేలికి తగిలితేనే తెలుస్తుంది."

ఎందుకో ఆమె మనసు కరిగింది. పెట్టె తెరిచి నాణేన్ని ఆయన అరచేతిలో పెట్టింది.

ఆయన బొటనవేలు తిన్నగా నాణెం ముఖం మీదికి వెళ్ళింది. బోసి చోటంతా మెల్లగా నడిచింది. తోక దగ్గర ఆగింది.

చిల్లరక్క గభాల్న లాక్కుంది.

"అంచులు పట్టుకోవాలి పెద్దాయనా! ముఖం మీద వేలు పెడతారా ఎవరైనా? చెమటకి మచ్చలు పడవూ? నాణేలంటే తెలిసినవాళ్ళు చేసే పనేనా ఇది? ఇంక ఇటు రాకండి."

"నిజమే తల్లీ," అన్నాడాయన నవ్వుతూ. "నాకు నాణేలు దాచుకోవడం చేతకాదు."

అంత మాట పడ్డవాడు నవ్వడమేమిటో ఆమెకి అర్థం కాలేదు. ఆయన వెళ్ళాక చూస్తే గొడుగు బల్లకే ఆనించి ఉంది.

తర్వాత ఆయన రాలేదు. మూల బల్ల ఖాళీగా కనబడినప్పుడల్లా ఆమెకి మనసు చివుక్కుమనేది. వస్తే ఈసారి తనే చేతికివ్వాలనుకుంది.

వాన పడుతున్న ఒక పూట ఎవరో ఆవిడ తడుస్తూ లోపలికొచ్చింది.

"మా నాన్న గొడుగు ఇక్కడ మర్చిపోయారండీ."

"ఆయన్నే రమ్మనండి. నేను కాస్త గట్టిగా మాట్లాడాను. నొచ్చుకున్నారేమో."

"రారండీ. పోయారు. నిద్రలోనే."

చిల్లరక్క చెయ్యి గొడుగు మీదే ఉండిపోయింది.

"నొచ్చుకోలేదండీ. ఈమధ్య చూపు బొత్తిగా పోయింది, ఈ గొడుగుతోనే దారి తడుముకునేవారు. ఆ రోజు ఇది లేకుండా, గోడలు పట్టుకుని, నవ్వుకుంటూ వచ్చారు. 'దొరికిందే అమ్మాయ్. ఎవరో తల్లి చెయ్యి కూడా వెయ్యనివ్వకుండా కాపాడుతోంది' అన్నారు."

చిల్లరక్క గాజుపెట్టె వైపు తిరిగింది.

"ఆయన టంకశాలలో పనిచేశారా?"

"చాలా ఏళ్ళు. ఆ నాణెం వల్లే ఉద్యోగం పోయింది. పక్కనున్నాయన చూసి పైవాళ్ళకి చెప్పేశాడు."

"అయితే ఆ పొరపాటు చేసింది ఆయనేనా?"

"పొరపాటా?" అందావిడ, గాజుపెట్టెలోకి వంగి చూస్తూ. "నాన్న నాణేలు చేసేవారు కాదండీ. వేలితో తడిమి వంకరవాటిని ఏరి, కరిగించడానికి పంపడం ఆయన పని. ఈ పక్షి చేతికి తగిలేసరికి మాత్రం, ఎగిరిపోతున్నదాన్ని పట్టుకోబుద్ధి కాక, తెలిసే వదిలేశారు."