కాలరు గుండీ

"కాలరు మళ్ళీ బిగుతైతాండాది. గుండీ ఇంకొంచెం జరుపు," అంటూ నంజుండప్ప చొక్కా విప్పి భార్యకిచ్చాడు.

హిందూపురంలోని వాళ్ళ దర్జీ అంగట్లో గుండీలు కుట్టే పని నాగరత్నది. మూడు నెలల్లో ఆ గుండీని మూడుసార్లు జరిపింది. మొగుడు ఒళ్ళు చేస్తున్నాడని సంతోషపడింది కూడా.

పొద్దున బెంగళూరులో డాక్టరు, మెడ గడ్డలకు చేసిన పరీక్ష కాగితం చూసి, "ఇది మెడలో పుట్టింది కాదు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్, మెడ దాకా వచ్చింది," అన్నాడు. సాయంత్రానికి బస్సులో హిందూపురం తిరిగొచ్చారు.

"జరిపేకి ఇంక చోటు యాడుండాది? కొత్తది కుట్టుకోండి. కొలతలు తీస్తా," అంది నాగరత్న.

మెడ పదహారున్నర. అది పైకే చెప్పింది. తర్వాత టేపు ఛాతీ చుట్టూ తిప్పింది. పోయినేడు ముప్పై ఎనిమిది. ఇప్పుడు టేపు కొస ముప్పై నాలుగు దగ్గరే కలిసింది. ఇన్నాళ్ళూ ఆమె చూసింది ఆ గుండీనే.

"ఛాతీ ఎంత?"

"ముప్పై ఎనిమిది."

ముప్పై ఏళ్ళుగా ఊరందరి కొలతలూ తీసిన నంజుండప్ప టేపు వైపు చూడలేదు. సుద్దముక్క తీసుకుని, బట్ట మీద ముప్పై ఎనిమిదికే గీత గీశాడు.