గుట్ట మీది నలభై ఇళ్లు

పాతపాళ్య దాటాక వచ్చే మా పల్లెలో సిగ్నల్ లేదు. రేషన్ బియ్యానికి వేలిముద్ర వేయాలన్నా గుట్ట ఎక్కాల్సిందే. ఎక్కలేని తిమ్మక్కకు మూడు నెలలుగా బియ్యం లేవు.

ఏ ఊళ్లకు టవర్ అవసరమో తేల్చే సర్వేకు వీణ వచ్చింది. నలభై ఇళ్ల వివరాలు ఫోన్లో రాసుకుంది.

“పంపాలంటే నెట్ లేదే తాతా!”

టవర్ కోసం అర్జీలు రాసి విసిగిన నేనే ఆమెను గుట్ట మీదికి తీసుకుపోయాను. అన్నీ చిటికెలో వెళ్లిపోయాయి.

నెల తర్వాత మ్యాప్ వచ్చింది. వివరాలు పంపిన చోటే ఇల్లని, అక్కడి సిగ్నలే ఇంటి సిగ్నలని ఆ సర్వే మేధావుల లెక్క. నలభై ఇళ్లూ గుట్ట మీదే ఉన్నాయి. టవర్ అక్కర్లేదన్నారు.

“నా ఇల్లు యాడుండాదప్పా?” అని తిమ్మక్క మ్యాప్ చూసి నన్ను అడిగింది.

“గుట్ట మీద.”

పకపకా నవ్వింది. “అంత పైకి నన్నెవురు ఎక్కిచ్చిరప్పా?”