తొట్టిలో పెత్తనం

“ఆ బుడ్డ చేపకు మేత ఎయ్యడం లేదా ఏమి? తెచ్చినప్పుడు ఎంతుండెనో అంతే ఉండాది!” కొత్త కోడలు భవిత తిరుపతి నుంచి తెచ్చుకున్న చేపల తొట్టికి ముక్కు ఆనించి గద్దించింది చౌడేశ్వరమ్మ.

“అది కావాలనే ఎదగదత్తా. ఎదిగితే పెద్దది తరిమేస్తాది.”

“మగోడికి అంత పొగరా!”

“పెద్దది ఆడది. దాని పక్కనుండేది మొగుడు. పగడపు దిబ్బల్లో ఈ చేపలకు ఆడదానిదే పెత్తనం.”

చౌడేశ్వరమ్మకు చేపల మీద ఎక్కడలేని గౌరవం పుట్టింది. వేరు పడి సొంతంగా మగ్గం పెట్టుకుంటానని మళ్లీ అడగబోయిన కొడుకు చంద్రమౌళి, దోసె ముక్కతోపాటు ఆ మాటా మింగేసినాడు.

“మరి పెద్దది సచ్చిపోతే?”

“మొగుడే మెల్లంగా ఆడదిగా మారి, పెత్తనం తీసుకుంటాది.”

తన పెళ్లయినప్పట్నుంచీ ఆ ఇంట్లో దగ్గడం తప్ప నోరు తెరవని మామ తులసీరాం, మగ్గానికి నూలు కండెలు చుట్టేది ఆపి తలెత్తినాడు.

“అట్ల మారేదానికి ఎన్ని దినాలు పడతాది పాపా?”

నోరు లేదనుకున్న మనిషి ఇన్నేండ్లూ కాసుకోని ఉండాడని చౌడేశ్వరమ్మకు అప్పుడు తెలిసింది. మొగుడి మీంచి కండ్లు తియ్యకుండానే కొడుకును పిలిచింది.

“ఒరే మౌళీ, పెట్టుకోరా మగ్గం. పోతాపోతా మీ నాయన్ను గూడా పిల్చుకోని పో.”