జారని జోడు

"నలభై ఒకటో నంబరు చూపించమ్మా," అన్నాడు గ్వాన్.

"నాది నలభై మూడు," అన్నాడు పక్కనున్న దాపెంగ్, తల ఎత్తకుండా.

చెప్పుల కొట్టామె పకపకా నవ్వింది. "బాగుంది వరస! కొడుకు కాలి కొలత కూడా తెలీదా పెద్దాయనా? మీ మగాళ్లింతే, అన్నీ ఇంట్లో ఆడవాళ్ల మీద వదిలేస్తారు."

గ్వాన్ చేతి తొడుగులు తీసి జేబులో కుక్కుకున్నాడు.

హార్బిన్‌లో డిసెంబరు. బయట సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు కింద. దాపెంగ్ కాళ్లకి పల్చటి గుడ్డ బూట్లు. నాలుగేళ్ల తర్వాత జైలు గేటు దాటిన రోజు తొడుక్కున్నవే. ఎడమ పాదంలో రెండు వేళ్లు అప్పటికే నల్లబడ్డాయి.

కొట్టామె బొచ్చు బూట్లు తెచ్చి పెట్టింది.

"ఇవి నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్లకి. తైచీ కసరత్తు చేసేవాడికి పాదం కింద నేల తెలియాలి," అన్నాడు గ్వాన్.

పొరలు పొరలుగా గుడ్డ కుట్టిన అడుగున్నవి తెచ్చింది.

"వేసవి అయితే కళ్లకద్దుకుని తీసుకుందును. మంచులో తడిసి రాయైపోతాయి."

"అయితే ఇవిగో, లోతు గాట్ల రబ్బరు. ఉడుంలా పట్టుకుంటాయి."

"అదే వద్దు. ఒళ్లు తిరిగి పాదం తిరక్కపోతే మోకాలు పోతుంది. జారకూడదు, అలాగని అతుక్కోనూ కూడదు."

"పెళ్లిసంబంధం చూస్తున్నారో, జోళ్లు కొంటున్నారో!" అని గొణుక్కుంటూ ఆమె మళ్లీ నిచ్చెన ఎక్కింది.

చివరికి ఒక జత నచ్చింది. నల్లటివి. లోపల దూది, మెత్తని రబ్బరు అడుగు, మడమ ఎత్తు లేదు, ముందు భాగం వెడల్పు. డెబ్బై ఏళ్ల గ్వాన్ నేల మీద మోకరిల్లి, బొటనవేలితో జోడు ముందు భాగం నొక్కి చూశాడు.

"వేళ్లు కదుపు. ఊఁ, ఇంకా. ఉన్ని మేజోళ్లకి చోటుండాలి."

"నాకెందుకు ఇవన్నీ?" అన్నాడు దాపెంగ్. ఆయన్ని ఏమని పిలవాలో తెలియడం లేదు వాడికి.

"ఎందుకో నాకూ తెలీదు. లేచి నడువు."

ఇదంతా పది రోజుల కిందట మొదలైంది. తెల్లారుతుండగా గ్వాన్ నదిగట్టు పార్కులో తైచీ చేస్తున్నాడు. కింద గడ్డకట్టిన నది. చలిలో ఈత కొట్టేవాళ్లు మంచుగడ్డ పగలగొట్టి తవ్వుకున్న మడుగు ఒకటుంది. దాని అంచున ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఈతగాడైతే బట్టలు విప్పుతాడు. వీడు కోటుతోనే ఉన్నాడు. బూట్లు మాత్రం విప్పి పక్కన పెట్టాడు.

ఆ వీపుని గ్వాన్ గుర్తుపట్టాడు. కోర్టులో రెండు రోజులు వెనక బెంచీ మీద కూర్చుని చూసిన వీపు అది.

ఇంటికి వెళ్లిపోదామనుకున్నాడు. వెనక్కి తిరిగి పదడుగులు వేశాడు కూడా. ఆ తర్వాత ఏమైందో ఆయనకే తెలీదు. గట్టు దిగి, గడ్డ మీద పడుతూ లేస్తూ వెళ్లి, వాడి కాలరు పట్టుకున్నాడు.

"బూట్లు తొడుక్కో," అన్నాడు. "రేపు ఆరింటికి పార్కుకి రా. రాకపోతే నేనే వెతుక్కుంటూ వస్తా."

ఇంటికెళ్లి భార్యతో చెప్పాడు. యూజెన్ పిండి ఒత్తుతోంది. చేతిలో కర్ర ఆగింది.

"ఎందుకు లాగావు?"

ఆయన కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు.

"ఆ పేరు ఇంకోసారి ఈ ఇంట్లో ఎత్తావో, నేనే పోయి ఆ మడుగులో దూకుతా."

ఆ రోజు నుంచి ఆయన గిన్నె బల్ల మీద, ఆమె గిన్నె వంటింట్లో. నాలుగేళ్లుగా మూసి ఉంచిన లోపలి గదికి తాళం కూడా వేసింది.

కొత్త జోళ్లతో దాపెంగ్ రోజూ వచ్చాడు. వాడిని చూసి తైచీ గుంపులోని ఇద్దరు ముసలివాళ్లు పార్కులో అటుచివరకి మారిపోయారు. గ్వాన్ పట్టించుకోలేదు.

"భుజాలు దించు. ఎవరూ కొట్టబోవడం లేదు."

"నాకు నిద్ర పట్టడం లేదు."

"నాకూ పట్టదు. బరువు ఎడమకాలి మీదకి మార్చు."

వాడు మార్చాడు. కన్నీళ్లు రెప్పల మీదే గడ్డకట్టాయి. కసరత్తు మధ్యలో తుడుచుకోకూడదని గ్వాన్ చెప్పాడు. వాడు తుడుచుకోలేదు.

జనవరిలో ఒక ఉదయం, రాత్రంతా మంచు కురిసి వెలిశాక, యూజెన్ పార్కుకి వచ్చింది. మొహానికి శాలువా చుట్టుకుంది. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. అందరి చేతులూ గాల్లోనే ఆగిపోయాయి.

దాపెంగ్ మోకాళ్ల మీద పడ్డాడు. తల నేలకి ఆనించబోయాడు.

"లే," అందామె. "తడుస్తావు."

వాడు లేవలేదు. గ్వాన్ చంకల కింద చేతులు వేసి లేపాడు.

ఆమె కోటు లోపలి నుంచి చిన్న మూట తీసింది. జోళ్లలో పరుచుకునే దూది అడుగులు, చేత్తో కుట్టినవి. వాడి చేతికి ఇవ్వలేదు. బెంచీ మీద మంచు దులిపి అక్కడ పెట్టింది.

"చలి కిందనుంచే ఎక్కుతుంది," అంది ఎవరితోనో అన్నట్టు. వెనుదిరిగింది.

ఆ వారమే గుంపులో చేరిన ఒకావిడ కళ్లొత్తుకుంది. "ఎంత కోపమున్నా కన్నకడుపు కదా వదినా! బిడ్డ తప్పు చేస్తే మాత్రం కాదనుకోగలమా?"

యూజెన్ ఆగింది. శాలువా కిందికి లాక్కుంది.

"వీణ్ణి నేను కనలేదమ్మా, నేను కన్నవాణ్ణి తాగి లారీతో తొక్కించి చంపింది వీడు."